యంత్రం తనను తాను నియంత్రించుకోవడం ఎప్పుడు మొదలైంది, ఇకపై ఎటు వెళ్తుంది?

ప్రశ్న

ఆటోమేషన్ చరిత్రను కొందరు ఆవిరి యంత్రంతో, కొందరు 1804 నాటి జకార్డ్ మగ్గంతో, మరికొందరు కంప్యూటర్‌తో మొదలుపెడతారు. మనిషి చేయి పడకుండా నడిచేదంతా ఆటోమేషనే అయితే నీటి చక్రం కూడా అందులోకే వస్తుంది కదా. అప్పటి యంత్రాలకూ, ఇప్పుడు ఉదాహరణలను చూసి నేర్చుకుంటున్న యంత్రాలకూ నిజంగా సంబంధం ఉందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

యంత్రం తన పని ఫలితాన్ని తానే గమనించి, దాన్ని బట్టి పనిని మార్చుకుంటోందా లేదా అన్నదే నా దృష్టిలో గీటురాయి. నీటి చక్రం అలా చేయదు. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి అమర్చిన గవర్నర్ అనే వేగ నియంత్రక పరికరం చేస్తుంది. తిరిగే నిలువు ఇరుసుకు రెండు ఇనుప గుండ్లు వేలాడుతుంటాయి. వేగం పెరిగితే అవి విచ్చుకుని పైకి లేస్తాయి, ఆ కదలిక కడ్డీల ద్వారా ఆవిరి కవాటాన్ని కొంత మూస్తుంది, దాంతో వేగం తగ్గుతుంది; మరీ తగ్గితే గుండ్లు కిందికి దిగి కవాటం మళ్లీ తెరుచుకుంటుంది. (గాలిమరలతో నడిచే పిండిమరల్లో ఇలాంటి అమరిక అంతకుముందే ఉంది కనుక ఘనతంతా వాట్‌కే ఇవ్వలేం.) కొన్ని గవర్నర్లు వేగాన్ని నిలకడగా ఉంచకపోగా ఇంకా ఊగిసలాడించేవి. అది ఎందుకు జరుగుతుందో 1868లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ గణితపరంగా విశ్లేషించారు.

రెండవ సమాధానం

పై వివరణతో ఏకీభవిస్తూనే ఒకటి చేర్చాలి. జకార్డ్ మగ్గం ఫలితాన్ని గమనించదు, కానీ రంధ్రాల అట్టలు మారిస్తే నేతలోని డిజైన్ మారిపోతుంది. అంటే యంత్రాన్ని విప్పకుండానే దాని పనిని మార్చవచ్చు. కర్మాగారాల్లో ఈ సౌలభ్యం చాలా ఆలస్యంగా వచ్చింది. 1960లలో కూడా కార్ల తయారీ లైన్లను రిలే ప్యానెళ్లే (విద్యుత్తుతో తెరుచుకుని మూసుకునే స్విచ్‌ల పలకలే) నడిపేవి. మోడల్ మారితే ఎలక్ట్రీషియన్లు తీగలు విప్పి మళ్లీ బిగించాలి. ఒక్క రిలే కాంటాక్టు మసిబారినా లైను ఆగిపోయేది, అది ఎక్కడుందో వెతుక్కోవాలి. 1968లో జనరల్ మోటార్స్‌లోని ఒక విభాగం దీనికి ప్రత్యామ్నాయం కోరింది. ఇంజనీర్ డిక్ మోర్లీ బృందం రూపొందించిన మోడికాన్ 084 అనే పీఎల్‌సీ (తీగలు కాకుండా ప్రోగ్రామ్ మార్చి పనిని మార్చగల నియంత్రణ పరికరం) ఆ అవసరాన్ని తీర్చింది. దాని ప్రోగ్రామ్‌ను రిలే సర్క్యూట్ బొమ్మలాగే ఉండే ల్యాడర్ లాజిక్‌లో రాస్తారు; రిలే సర్క్యూట్ చదవగలిగిన ఎలక్ట్రీషియన్ దాన్నీ చదవగలిగాడు కనుకనే పీఎల్‌సీ నిలిచింది. జనరల్ మోటార్స్‌లోనే 1961లో పనికి దిగిన యూనిమేట్ రోబోను అందరూ తలుచుకుంటారు గానీ, కర్మాగారాన్ని లోలోపల మార్చింది పీఎల్‌సీయే అని నా గట్టి నమ్మకం.

మూడవ సమాధానం

నేర్చుకునే యంత్రంలో పైన చెప్పిన రెండు లక్షణాలూ కలుస్తున్నాయి: అది ఫలితాన్ని గమనించి తన సూచనలనే సవరించుకుంటుంది. అయితే ల్యాడర్ లాజిక్‌ను వరుసవరుసగా చదివి తప్పు పట్టుకోవచ్చు. లక్షలాది సంఖ్యల్లో దాగిన నేర్పును అలా చదవలేం. నా ఆందోళన అక్కడే: అది తప్పు చేసినప్పుడు పగ్గాలు మళ్లీ మనిషే పట్టాలి. తేలిక పనులన్నీ యంత్రానికి అప్పగిస్తే మనిషికి అత్యంత కష్టమైన క్షణాలే మిగులుతాయనీ, రోజువారీ అలవాటు లేక అప్పటికి అతని నైపుణ్యం సన్నగిల్లి ఉంటుందనీ మనస్తత్వ శాస్త్రవేత్త లిసాన్ బైన్‌బ్రిడ్జ్ 1983లోనే హెచ్చరించారు. 2009లో ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో వేగాన్ని కొలిచే గొట్టాల్లో మంచు పేరుకోవడంతో ఆటోపైలట్ తప్పుకుంది. హఠాత్తుగా చేతికొచ్చిన విమానాన్ని పైలట్లు నిలబెట్టలేకపోయారు. 228 మంది చనిపోయారు.

కాబట్టి నేర్చుకునే భాగం ఎంత సమర్థంగా ఉన్నా, పీడనమో ఉష్ణోగ్రతో హద్దు దాటినప్పుడు ప్లాంటును ఆపే అధికారం దానితో సంబంధం లేని చిన్న సేఫ్టీ కంట్రోలర్‌కే ఉండాలి. రసాయన పరిశ్రమల్లో సేఫ్టీ వ్యవస్థను విడిగా ఉంచే పద్ధతి ఇప్పటికే ఉంది, దాన్ని సడలించకూడదు. అలాగే ఆపరేటర్లు యంత్రాన్ని చేతితో నడిపే సాధన కొనసాగించేందుకు పని గంటల్లోనే సమయం కేటాయించాలి.