విండోస్ 10 మళ్ళీ వేస్తుంటే మూడుసార్లూ మధ్యలోనే ఆగింది. డీ డ్రైవ్‌లో లెక్కలున్నాయి

ప్రశ్న (తాడిపత్రి నుంచి)

అందరికీ నమస్కారం. తాడిపత్రిలో ఒక బండల పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాస్తుంటాను. బిల్లులకూ, ఈ-వే బిల్లులకూ, ట్యాలీకీ 2013లో కొన్న ల్యాప్‌టాప్‌నే ఇప్పటికీ వాడుతున్నాం. కొన్నప్పుడు అందులో విండోస్ 8 ఉండేది. తర్వాత ఒక రిపేరు షాపులో విండోస్ 10 వేసిచ్చారు. నిరుడు ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించి మొత్తం 8 జీబీ చేశాం. హార్డ్ డిస్క్ మాత్రం అసలుదే, 500 జీబీ.

రెండు నెలలుగా బిల్లు కొడుతుండగానే నీలం తెర వచ్చి, దానంతట అదే ఆగి మళ్ళీ మొదలవుతోంది. విండోస్ పాడైందనుకుని, మా మేనల్లుడి కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ మీడియా క్రియేషన్ టూల్‌తో 16 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేయించుకుని, కొత్తగా వేయడానికి కూర్చున్నాను. ఈ డిస్కులో ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్ ఉంది, ఈఎఫ్ఐ సిస్టమ్‌లో జీపీటీ డిస్కులోనే విండోస్ పడుతుంది అన్న అర్థంలో ఒక సందేశం వచ్చి అక్కడే ఆగిపోయింది. (ఎంబీఆర్, జీపీటీ అంటే డిస్కులోని భాగాల పట్టికను రాసే పాత, కొత్త పద్ధతులట; ఈఎఫ్ఐ లేదా యూఈఎఫ్ఐ అంటే కంప్యూటర్‌ను మొదలుపెట్టే కొత్త పద్ధతట.) కంప్యూటర్ దేని నుంచి మొదలవ్వాలో అడిగే ఎఫ్12 మెనూలో అదే పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే, రెండో దాని నుంచి ఎత్తి (అంటే మొదలుపెట్టి) చూశాను. ఈసారి ఒప్పుకుంది. సీ డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి ముందుకు వెళ్ళాను. ఫైళ్ళు సిద్ధం చేసే దశలో మొదటిసారి 38 శాతం దగ్గర, రెండోసారి 71 దగ్గర, మూడోసారి 12 దగ్గర ఆగింది. మూడుసార్లూ చివర 80070570 అంకెలున్న ఎర్రరే వచ్చింది.

ఇప్పుడు పాత విండోస్ లేదు, కొత్తది పడలేదు. డీ డ్రైవ్‌లో ఏళ్ళ తరబడి లెక్కలున్నాయి. వాటి నకలు చివరిసారి ఉగాదికి తీసిపెట్టాను, ఆ తర్వాతివన్నీ అందులోనే ఉన్నాయి. డిస్కు పోయిందంటారా, పెన్‌డ్రైవ్ బాగాలేదంటారా? ఏమీ అర్థం కాక ఇక్కడ అడుగుతున్నాను.

జవాబు 1 (కర్నూలు నుంచి)

మీ డిస్కు ఎంబీఆర్‌లో ఉండడమే ఈ చిక్కులన్నిటికీ మూలమని నాకనిపిస్తోంది. ఇన్‌స్టాలేషన్ తెర మీద షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో డిస్క్‌పార్ట్ (డిస్కు భాగాలను మార్చే ప్రోగ్రాం) తెరిచి, డిస్కును ఎంచుకుని, క్లీన్ అని కొట్టి, ఆ తర్వాత జీపీటీకి మార్చండి. మా ఇంట్లో ల్యాప్‌టాప్‌కు ఇలాగే చేశాను, పది నిమిషాల్లో పని అయిపోయింది.

జవాబు 2 (కడప నుంచి, ల్యాప్‌టాప్‌ల రిపేరు పని)

తాడిపత్రి అన్నగారు దయచేసి క్లీన్ జోలికి వెళ్ళవద్దు. ఆ ఆదేశం సీ డ్రైవ్‌తో ఆగదు. డిస్కు మొత్తానికి ఉన్న పార్టిషన్ పట్టికనే తుడిచేస్తుంది, దాంతోపాటు మీ డీ డ్రైవ్ కూడా కనిపించకుండా పోతుంది. కర్నూలు మిత్రుడి డిస్కులో దాచుకోవలసినది ఏమీ లేదు కాబట్టి ఆయనకు ఇబ్బంది రాలేదు, మీ సంగతి వేరు.

అసలు ఎంబీఆర్ చిక్కు మీకు ఎప్పుడో తీరిపోయింది. విండోస్ 8తో వచ్చిన యంత్రం కాబట్టి మొదట డిస్కు జీపీటీలోనే ఉండి ఉంటుంది. విండోస్ 10 వేసినప్పుడు షాపువాళ్ళు దాన్ని పాత పద్ధతికి మార్చి ఉంటారు. మెనూలో పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించింది అందుకే: యూఈఎఫ్ఐ అని ముందు రాసి ఉన్నది కొత్త పద్ధతిలో, ఏమీ లేనిది పాత పద్ధతిలో ఎత్తుతాయి. మీరు రెండోది ఎంచుకోగానే ఆ అభ్యంతరం పోయి ఇన్‌స్టాలేషన్ మొదలైంది. 500 జీబీ డిస్కుకు ఎంబీఆర్ వల్ల నష్టమేమీ లేదు, 2 టీబీ దాటినప్పుడే దాని హద్దు అడ్డొస్తుంది.

ఇక 80070570 సంగతి. ఫైలు పాడైంది లేదా చదవడానికి వీలు కాలేదు అని మాత్రమే అది చెబుతుంది, ఎక్కడ పాడైందో చెప్పదు. అందుకే చాలామంది పెన్‌డ్రైవ్ మీద పెన్‌డ్రైవ్ మారుస్తూ కూర్చుంటారు. మీ ప్రశ్నలో నా కన్ను నిలిచింది ఆ మూడు అంకెల మీద. పెన్‌డ్రైవ్‌లోని ఫైలే చెడిపోయి ఉంటే, ఎన్నిసార్లు వేసినా దాదాపు ఒకే చోట ఆగాలి. డిస్కులో ఒక భాగం చెడిపోయినా అంతే, ఎందుకంటే మీరు ప్రతిసారీ అదే సీ డ్రైవ్‌లో అవే ఫైళ్ళు పోస్తున్నారు. మీకు 38, 71, 12 అని తోచినట్టు ఆగుతోంది. ఆ పెన్‌డ్రైవ్‌లో విండోస్ బాగా కుదించిన ఒకే పెద్ద ఫైలుగా ఉంటుంది. దాన్ని ర్యామ్‌లోకి తెచ్చి, విప్పి, సరిచూసుకుంటూ డిస్కు మీద రాస్తారు. ఈ విప్పే చోట ర్యామ్‌లో ఒక్క బిట్ తారుమారైనా లెక్క తప్పి, ఫైలు పాడైందని సెటప్ చేతులెత్తేస్తుంది. నీలం తెరలు కూడా ముందు నుంచే ఉన్నాయంటున్నారు కాబట్టి నా అనుమానం మొదట ర్యామ్ మీదే.

ఇంకొక మాట. బండల యూనిట్ల నుంచి మా దగ్గరికి వచ్చే యంత్రాలను విప్పితే ఫ్యాన్ రెక్కలకూ, ర్యామ్ స్లాట్‌లోనూ తెల్లటి రాతిపొడి పేరుకుని ఉంటుంది. ఆ పొడి వల్ల వేడి బయటికి పోదు, ర్యామ్ కాళ్ళు కూడా స్లాట్‌లో సరిగా ఆనవు. కాబట్టి ర్యామ్ పోయిందని తేల్చే ముందు, ఛార్జర్ తీసి, బ్యాటరీ తీసి, రెండు ర్యామ్‌లనూ బయటికి తీసి, బంగారు రంగు కాళ్ళను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, మెత్తటి బ్రష్‌తో స్లాట్ శుభ్రం చేసి మళ్ళీ బిగించండి.

వీటన్నిటికంటే ముందు లెక్కలు కాపాడుకోవాలి. లినక్స్ మింట్‌ను (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే నడిపి, డీ డ్రైవ్‌ను తెరిచి బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. డీ డ్రైవ్ చదవడానికి మాత్రమే తెరుచుకుంటే కంగారు పడవద్దు, ఇప్పుడు మీకు కావలసింది అదే.

జవాబు 3 (అనంతపురం నుంచి)

కడప సోదరుడు చెప్పినదంతా సరైనదే, కానీ వరుస ఒక్కటి మార్చాలని నా మనవి. ర్యామ్ మీద అనుమానం ఉన్నప్పుడు అదే ర్యామ్‌తో కాపీ చేయకూడదు. కాపీ అయ్యే ప్రతి ఫైలూ ర్యామ్ గుండానే వెళ్తుంది కాబట్టి, చెడ్డ ర్యామ్ కాపీని కూడా ఎర్రర్ చూపకుండానే పాడుచేయగలదు. ఫైలు పరిమాణం సరిపోతుంది, తెరిస్తే లోపల అంకె మారి ఉంటుంది. లెక్కల ఫైలుకు అంతకంటే కీడు ఏముంటుంది?

ముందు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడపండి. అది డిస్కును ముట్టుకోదు కాబట్టి డేటాకు భయం లేదు. ఇప్పటి వెర్షన్ యూఈఎఫ్ఐ పద్ధతిలోనే ఎత్తుతుంది, మెనూలో ఆ వరుసే ఎంచుకోండి. రెండు ర్యామ్‌లూ కలిపి ఒకసారి, విడివిడిగా ఒక్కోసారి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ పనికిరానట్టే, ఒకటే కదా అని సర్దుకోవద్దు. మంచి ర్యామ్ ఏదో తేలాక దాన్నొక్కటే ఉంచి కాపీ చేయండి.

మీ బ్యాటరీ నిలబడుతుందా? ఛార్జర్ మీదే నడిచే యంత్రమైతే, పాలిషింగ్ మోటార్లు ఆడే లైనులో పెట్టి ఇన్‌స్టాల్ చేయకండి. ఇంటికి తీసుకెళ్ళి ఇన్వర్టర్ మీద చేయండి.

ప్రశ్న అడిగినవారు (నాలుగు రోజుల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. నిజం చెప్పాలంటే, కడప సోదరుడి జవాబు వచ్చేసరికి నేను డిస్క్‌పార్ట్ తెరిచి కూర్చున్నాను, క్లీన్ అని కొట్టడమే తరువాయి.

వెనక మూత విప్పితే ఫ్యాన్‌లోంచి పిడికెడు పొడి రాలింది. శుభ్రం చేసి రెండు ర్యామ్‌లూ బిగించి మెమ్‌టెస్ట్ పెడితే పది నిమిషాల్లోనే ఎర్రటి వరుసలు వచ్చాయి. తర్వాత విడివిడిగా చూశాను. నిరుడు వేయించిన ర్యామ్‌ను ఏ స్లాట్‌లో పెట్టినా ఎర్రర్లు దాని వెంటే వెళ్ళాయి. పాతదాన్ని రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి 4 పాస్‌లూ (పరీక్ష చుట్లు) పూర్తయి ఎర్రర్లు సున్నా అని చూపించింది. పాతదే పోయి ఉంటుందని నేను మనసులో తీర్మానించుకుని ఉన్నాను, తీరా చూస్తే కొత్తది చెడ్డదని తేలింది.

పాత ర్యామ్ ఒక్కటే ఉంచి లినక్స్ మింట్‌తో డీ డ్రైవ్ మొత్తం బయటి డిస్కులోకి తీశాను, 41 జీబీ వచ్చింది. మేనల్లుడి కంప్యూటర్‌లో ట్యాలీ తెరిచి, నా దగ్గరున్న అచ్చు కాగితాలతో ముగింపు నిల్వలు సరిచూస్తే పైసా తేడా లేదు. ఆ తర్వాత ఇంట్లో ఇన్వర్టర్ మీద, అదే పెన్‌డ్రైవ్‌తో విండోస్ మొదటి ప్రయత్నంలోనే పడింది.

మింట్‌లోనే డిస్క్స్ అనే ప్రోగ్రాంలో స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) కూడా చూశాను. రీఅలొకేటెడ్ సెక్టార్లు 8, పెండింగ్ సెక్టార్లు 0 అని ఉన్నాయి. ఇది భయపడవలసినదేనా? మళ్ళీ 8 జీబీ చేయాలంటే ఏ ర్యామ్ అడగాలి?

జవాబు 2 (కడప నుంచి)

పెండింగ్ (చదవడం కష్టమై ఇంకా తేలని చోట్లు) సున్నా ఉంది కాబట్టి ఈ రోజుకు భయం లేదు. ఆ 8 అనేది డిస్కు చెడిన చోట్లను వదిలి వేరే చోటికి మార్చుకున్న లెక్క. వారానికోసారి చూడండి, అది పెరుగుతుంటే ఆగకుండా మార్చేయండి. ఎలాగూ ఎస్ఎస్‌డీ (తిరిగే పలకలు లేని వేగమైన డిస్కు) వేసుకోవాలనుకుంటే 2.5 అంగుళాల సాటా రకం ఇందులో సరిపోతుంది, ఆ వయసు యంత్రానికి ర్యామ్ కంటే దానివల్లే ఎక్కువ వేగం వస్తుంది. ర్యామ్ కొనేటప్పుడు మంచిదాని మీది చీటీ ఫొటో తీసుకెళ్ళండి. దాని మీద పీసీ3ఎల్ అని ఉంటే 1.35 వోల్టుల రకం అని అర్థం, ఎల్ లేని 1.5 వోల్టుల రకం ఇస్తే తీసుకోవద్దు.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, మీ ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా రాదు. బిల్లింగ్ యంత్రం కాబట్టి దానిలో వేరే వెబ్‌సైట్లు తెరవనీయకండి.

ప్రశ్న అడిగినవారు

చీటీ మీద పీసీ3ఎల్ అనే ఉంది. మార్చి 31 లెక్కలు ముగిశాక ఎస్ఎస్‌డీ వేయిస్తాను; అంతవరకు ప్రతి శనివారం సాయంత్రం బయటి డిస్కులోకి నకలు తీస్తున్నాను. ల్యాప్‌టాప్‌ను కూడా మిషన్ల పక్కనున్న గదిలోంచి ముందు గదికి మార్చాను.