రోకలి పొన్ను, గాలపు కర్ర పొన్ను

అందరికీ నమస్కారం. ‘పొన్ను’ అనే మాట గురించి అడగాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. రోకలి అడుగున వేసే ఇనప కట్టును పొన్ను అంటారని ఇక్కడ చాలామందికి తెలుసు. చేతికర్ర కొసకు తొడిగే లోహపు తొడుగునూ అలాగే అంటారు. ఈ మాటను గాలపు కర్రలకు వాడవచ్చా, వాడితే ఏ భాగానికి వాడాలి అన్నది నా ప్రశ్న.

సందర్భం చెప్తాను. నేను విశాఖలో ఉంటాను. తీరిక దొరికినప్పుడల్లా గాలపు కర్రలు కట్టడం నా హాబీ. కొట్లో అమ్మే కర్ర కొనుక్కోకుండా, విడి భాగాలు తెప్పించుకుని, ఎవరి చేతికి, ఏ చేపకు, ఏ చోటికి కావాలో చూసుకుని కడతాను. యారాడ రాళ్ళ మీంచి దూరంగా విసరడానికి కావలసిన కర్ర వేరు. భీమిలిలో గోస్తనీ మొగ దగ్గర పండుగప్ప కోసం పట్టుకెళ్ళే కర్ర వేరు. చెరువు గట్టున కూర్చుని బెండు వేసి చూసుకునే కర్ర మరీ వేరు. ఈ పని గురించి నేను చదివిందీ చూసిందీ అంతా ఇంగ్లీషే. ఈమధ్య మా వీధి పిల్లలు కొందరు నేర్పమని వస్తున్నారు. వాళ్ళకు తెలుగులో చెప్పడం మొదలుపెట్టాక, కొత్త మాటలు పుట్టించాల్సిన అవసరం నిజానికి చాలా తక్కువ అనిపించింది.

బ్లాంక్ సంగతే చూడండి. పిడీ రింగులూ ఇంకా కట్టని ఉత్త కర్ర అది. కార్బన్ ఫైబర్‌నో గాజు నారనో గుడ్డలాగా తయారుచేసి, రెజిన్ అనే జిగురు పట్టించి, ఒక చివర లావుగా ఇంకో చివర సన్నగా ఉండే ఉక్కు కడ్డీ మీద చుడతారు. పైన టేపు బిగించి వేడిలో ఉంచుతారు. గట్టిపడ్డాక కడ్డీ లాగేస్తే గొట్టం మిగులుతుంది. లోపల బోలు, మొదట లావు, కొనకు పోనుపోను సన్నం. దీన్ని బొంగు అనక ఏమనాలి?

అలాగే యాక్షన్. కర్ర ఎక్కడ వంగుతుంది అని చెప్పే మాట అది. కొన దగ్గరే వంగి మిగతాది నిటారుగా నిలిస్తే ఫాస్ట్, నడుమ దాకా వంగితే మోడరేట్, పిడి దాకా వంగితే స్లో. పిల్లలకు ఫాస్ట్, స్లో అని చెప్తే చేపను ఎంత వేగంగా లాగుతుందో అనుకుంటున్నారు. కొన వంపు, నడుమ వంపు, మొదలు వంపు అని చెప్తే మళ్ళీ వివరించే పనే ఉండట్లేదు. వంచడానికి ఎంత బలం కావాలి అనేది ఇంకో లెక్క. దాన్ని పవర్ అంటారు, నేను బిగువు అంటున్నాను. కొన వంపు కర్రకు బిగువు తక్కువ ఉండొచ్చు, మొదలు వంపు కర్రకు బిగువు ఎక్కువ ఉండొచ్చు. రెండిటికీ విడివిడి మాటలు ఉంటే పిల్లలు వాటిని కలిపేసుకోరు.

ఇంక ఫెరూల్. పొడుగు కర్రలు రెండు ముక్కలుగా వస్తాయి. ఆ రెండూ కలిసే చోటుకు ఆ పేరు. ఆరు వెదురు చీలికలు అతికించి చేసే పాతకాలపు కర్రలకు అక్కడ లోహపు గొట్టాలు తొడిగేవారు. కార్బన్ కర్రల్లో ఎక్కువగా లోహం ఉండదు, ఒక ముక్క ఇంకో ముక్కలోకి దిగుతుంది, అంతే. కానీ పైన తొడుక్కునే ముక్క నోటి చుట్టూ దారం బిగించి కట్టి, ఆరాక గట్టిపడే ఎపాక్సీ అనే జిగురు పూయాలి. అది లేకపోతే పెద్ద చేప లాగినప్పుడు ఆ నోరు నిలువునా చీలుతుంది. రోకలికి పొన్ను వేసేదీ సరిగ్గా అందుకే, దంచేటప్పుడు కర్ర చీలకుండా. అందుకని పొన్ను అనే మాట ఆ నోటి కట్టుకు చెందాలని, ముక్కలు కలిసే చోటును అతుకు అనాలని నా ఆలోచన. మీరేమంటారు?

పెందుర్తి సభ్యుడు:
మేడమ్ గారూ, మా నాన్నగారు వడ్రంగి. పొన్ను రోకలికే కాదండి, ఉలి పిడికీ వేస్తారు. సుత్తి దెబ్బకు పిడి పగలకుండా. కాబట్టి చీలకుండా కాపాడేది పొన్ను అని మీరన్నది సరైన మాటే. నాకున్న ఇబ్బంది ఒక్కటే. పొన్ను అంటే లోహం. దారం చుట్టినదాన్ని మా ఇంట్లో ఎవరూ పొన్ను అనరు, కట్టు అంటారు.

హైదరాబాద్ సభ్యురాలు, అనువాదాలు చేస్తారు:
మంచి చర్చ అండి. ఇంగ్లీషు ఫెరూల్ కూడా మొదట అతుకు కాదు, కట్టే. దాని మూలం లాటిన్‌లో విరియోలా, అంటే చిన్న కంకణం. తరవాత ఇనుముకు ఉన్న ఫెర్రుమ్ అనే మాట ప్రభావంతో రూపం మారింది. కట్టు పేరు క్రమంగా ఆ చోటుకే పేరైంది. తెలుగులోనూ అలా జరగనివ్వచ్చు కదా? రెండిటికీ పొన్ను అనేయండి, ఏది ఏదో సందర్భమే చెప్తుంది.

గాజువాక సభ్యుడు:
బొంగు దగ్గర నాకు అభ్యంతరం ఉంది మేడమ్. ఇప్పటి కుర్రాళ్ళ నోట్లో అది తిట్టు. పాఠం చెప్తూ ఆ మాట వాడితే నవ్వుతారు. బ్లాంక్ అనే ఉంచేయండి.

జాలారిపేట సభ్యుడు:
మా ఇళ్ళల్లో గాలం అంటే ముందు కొక్కెమే గుర్తొస్తుందండి. గేలం అనీ అంటారు. కర్రతో మాకు పని తక్కువ. తెప్ప మీద చేత్తోనే తాడు వదులుతారు. వంజరానికైనా సొరకైనా చేతికి తెలిసిపోతుంది. మీరు తాడు దూరడానికి కర్ర పొడుగునా కట్టే రింగులు చూశాను, వాటికి ఏం పేరు పెట్టారు? మాకైతే వలకు కళ్ళుంటాయి. పెద్ద కన్ను, చిన్న కన్ను అని వలను దాన్నిబట్టే చెప్తాం. మీ రింగుల్నీ కళ్ళు అంటే మా పిల్లలకు వెంటనే తెలుస్తుంది.

నా జవాబు:
అందరికీ ధన్యవాదాలు. ముందు జాలారిపేట వారికి: నేను ఇన్నాళ్ళూ గైడ్లు అనే అంటున్నాను, ఇక మీ మాటే తీసుకుంటాను. ఆ కళ్ళ అమరికే ఈ పనిలో అన్నిటికన్నా రసవత్తరమైన భాగం. పిడి దగ్గర తాడు చుట్టి ఉండే స్పిన్నింగ్ రీలు నుంచి తాడు చుట్టలు చుట్టలుగా వదులుతుంది. అందుకే పిడి వైపు మొదటి కన్ను పెద్దది పెట్టి, కొనకు పోయేకొద్దీ చిన్నవి పెడతారు. ఆ చుట్టలు క్రమంగా అణిగి తాడు తిన్నగా సాగుతుంది. కర్ర ఎన్ని అడుగులుంటే అన్ని కళ్ళు, ఆపైన ఒకటి, కొన కన్ను లెక్కలో లేకుండా అని ఒక మోటు లెక్క ఉంది. నేను దాంతో మొదలుపెడతానే తప్ప అక్కడ ఆగను. కళ్ళను టేపుతో తాత్కాలికంగా నిలిపి, తాడు ఎక్కించి, కొనకు బరువు కట్టి కర్రను వంచి చూస్తాను. తాడు కర్ర వంపును విడవకుండా వెంబడించాలి. రెండు కళ్ళ మధ్య తాడు తిన్నగా గీత గీసినట్టు సాగి, కర్ర మాత్రం వంగి దూరంగా పోతుంటే, అక్కడ కళ్ళు చాలలేదని అర్థం. కన్ను లోపలి నున్నటి వలయం అల్యూమినా, సిలికాన్ కార్బైడ్ లాంటి గట్టి పింగాణీ రకాలతో చేస్తారు, తాడు రాపిడికి గాడి పడకుండా. దాన్ని మాత్రం ఉంగరం అంటాను. కన్నులో ఉంగరం.

గాజువాక వారూ, అరకు వెళ్ళొచ్చినవాళ్ళు ఇంటికొచ్చి బొంగు చికెన్ తిన్నామని చెప్తారు. అప్పుడు ఎవరూ నవ్వరు. వస్తువు చేతిలో ఉండగా ఆ మాట అంటే అది వస్తువు పేరుగానే వినిపిస్తుంది. ఎవరో తిట్టుగా వాడుతున్నారని ఇంత అవసరమైన మాటను వదులుకోవడం నాకు ఇష్టం లేదు. పైగా అందులో ఒక నిక్కచ్చితనం ఉంది. మన తూర్పు కనుమల్లో సాధనపు వెదురు అని ఉంది, లోపల దాదాపు గట్టిగా ఉంటుంది. దాన్ని బొంగు అనలేం, బోలుగా ఉంటేనే బొంగు. ఇప్పటి కర్రల్లోనూ ఈ తేడా అవసరమే. కొన్నిటికి గొట్టం కొనలో గట్టి గాజు నార పుల్ల అతికిస్తారు, చిన్న చేప ముట్టుకున్నా తెలియడానికి. బొంగుకు గట్టి కొన అని రెండు మాటల్లో చెప్పేయొచ్చు.

పెందుర్తి వారి అభ్యంతరం మీద చాలాసేపు ఆలోచించాను. ఇనప పొన్ను, ఇత్తడి పొన్ను, వెండి పొన్ను అని మనం అంటూనే ఉంటాం. ముందు ఆ విశేషణం పెడుతున్నామంటేనే పొన్ను అనే మాట ఒక లోహానికి అతుక్కుని లేదని కదా. అది పని పేరు. దారపు పొన్ను అంటే భాష ఏమీ నొచ్చుకోదు. కట్టు అనడంలో తప్పు లేదు గానీ, కర్ర నిండా కట్లే. ప్రతి కంటికీ బొంగుకు ఆనే పాదం ఉంటుంది, దాని మీద ఒక కట్టు ఉంటుంది. అవి పట్టి ఉంచే కట్లు. ఈ నోటి కట్టు పట్టి ఉంచదు, చీలకుండా కాస్తుంది. వేరే పని చేస్తోంది కాబట్టి దానికి వేరే పేరు కావాలి.

హైదరాబాద్ సభ్యురాలు గారూ, మాట అలా పాకడం సహజమే, ఒప్పుకుంటాను. కానీ పని నేర్పేటప్పుడు చిక్కు వస్తుంది. ‘పొన్ను వదులైంది’ అని ఒక అబ్బాయి నాకు ఫోన్ చేశాడనుకోండి. అతుకు వదులైతే చేయాల్సింది వేరు. లోపలికి దిగే మగ ముక్క మీద కొవ్వొత్తి మైనం పల్చగా రుద్దితే చాలాసార్లు సరిపోతుంది. నోటి దారం వదులైతే మైనం ఎందుకూ పనికిరాదు. పాత దారం కోసేసి, శుభ్రం చేసి, మళ్ళీ కట్టి పూత వేయాలి. అది చూసుకోకుండా విసిరితే కర్ర పోతుంది. ఒకే మాట రెండిటికీ వాడితే ఫోన్‌లో ఏం చెప్పను? అందుకే పొన్ను, అతుకు విడివిడిగా ఉండాలని గట్టిగా అంటున్నాను.

మధురవాడ సభ్యురాలు:
స్పైన్‌ను వెన్ను అంటున్నారా అండి? మా తమ్ముడు వీడియోల్లో చూసి అది చాలా ముఖ్యం అంటున్నాడు.

నా జవాబు:
వెన్ను అంటే పిల్లలు కర్ర లోపల ఎముకలాంటిది ఏదో ఉందనుకుంటున్నారు. నిజానికి జరిగేది ఇది. బొంగు మొదలును బల్లకు ఆనించి, కొన దగ్గర అరచేత్తో నొక్కి వంచి, నెమ్మదిగా దొర్లిస్తే ఒక చోట అది తనంతట తాను గభాలున తిరిగి కుదురుకుంటుంది. చుట్టిన గుడ్డ అంచులు ఒకదాని మీద ఒకటి పడినచోట మందం తేడా వస్తుంది, కారణం అదే. కర్ర తనకు తానుగా ఒదిగే వైపు కాబట్టి నేను ఒదుగు అంటున్నాను. ముఖ్యమా అంటే, కట్టేవాళ్ళలోనే రెండు పక్షాలు ఉన్నాయి. ఒదుగు చూసి కళ్ళు పెట్టాలని కొందరు, కర్ర కంటికి ఏ వైపు తిన్నగా కనిపిస్తే ఆ వైపు పెట్టాలని కొందరు. నేను రెండో పక్షం. ఏ కర్రా మిల్లీమీటరు తేడా లేకుండా తిన్నగా ఉండదు. ఆ కాస్త వంకరను పైకో కిందికో పెడితే చేతికి తెలియదు, పక్కకు పెడితే చూసిన ప్రతిసారీ కంటికి గుచ్చుకుంటుంది.

పెందుర్తి సభ్యుడు:
దారపు పొన్ను అంటే నాకు సమ్మతమే మేడమ్. విశేషణం సంగతి బాగుంది. ఇంతకీ మన ఊరి తేమలో ఆ ఎపాక్సీ ఆరుతుందా? వార్నిష్ వేసినా వానాకాలంలో మాకు పొర కట్టేస్తుంది.

నా జవాబు:
ఆరుతుంది గానీ సతాయిస్తుంది. ఎపాక్సీ రెండు సీసాల్లో వస్తుంది. నేను వాడేది సమపాళ్ళలో కలపాలి. అందుకు రెండు సిరంజిలు విడిగా పెట్టుకుంటాను. కొలత తప్పితే ఎన్నాళ్ళున్నా జిగురుగానే ఉంటుంది. పూశాక గంటల తరబడి కర్రను మెల్లగా తిప్పుతూ ఉండాలి, లేకపోతే కిందికి దిగి బొట్టు కడుతుంది. చిన్న మోటారు ఆ పని చేస్తుంది. గాలిలో తేమ ఎక్కువైతే పైన తెల్లటి జిడ్డు పొర వస్తుంది, మీరన్నలాంటిదే. అందుకే దారం పని ఎప్పుడైనా చేస్తాను గానీ పూత మాత్రం వీలైనంత వరకు చలికాలానికి అట్టేపెడతాను. తప్పనిసరై ఇప్పుడే వేయాలంటే తలుపులు మూసి ఏసీ గదిలో వేస్తాను.

ఒక మాట మాత్రం నాకు ఇంకా దొరకలేదు. దారం చుట్టడం ముగిసే ముందు, విడిగా ఒక దారాన్ని మడిచి, ఆ మడత బయటికి ఉండేలా పెట్టి, దాని మీదుగా చివరి చుట్లు వేస్తాం. కట్టే దారం కొసను ఆ మడతలోకి దూర్చి వెనక్కి లాగితే, కొస చుట్ల కిందికి పోయి దాక్కుంటుంది. ముడి కనపడదు. ఆ లాగే దారానికి గానీ, అలా ముగించడానికి గానీ వలలు అల్లేవాళ్ళ దగ్గర పేరు ఉందా?

జాలారిపేట సభ్యుడు:
మీరు రాసింది చదివితే మావాళ్ళు చేసేదాంట్లో దగ్గరిది ఒకటి ఉన్నట్టే ఉందండి. చూడకుండా అదే ఇది అని చెప్పలేను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం కదా. అప్పుడు ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేస్తూ చాలామంది దొరుకుతారు. సగం కట్టిన కర్ర, దారం పట్టుకుని రండి. పొద్దున్నే రండి, ఎండెక్కితే ఎవరూ ఉండరు.