బతికున్న మనిషి ఫోటోని కంచు విగ్రహంలా మార్చి ఇవ్వడం తప్పా?

లేయర్‌మాస్క్, మద్దిలపాలెం

అందరికీ నమస్కారం. నాది చిన్న ఫోటో స్టూడియో. పాస్‌పోర్ట్ ఫోటోలు, పెళ్ళి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీ డిజైన్లు, అప్పుడప్పుడు పాత ఫోటోలు బాగుచెయ్యడం. పోయిన నెల జరిగిన ఒక సంగతి మీద మీ అభిప్రాయం కావాలి. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు.

గాజువాక నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్ళ నాన్నగారు ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళకు పైగా చేసి రిటైర్ అవుతున్నారు. "అన్నా, బీచ్ రోడ్డులో గురజాడ, శ్రీశ్రీ విగ్రహాలున్నాయి కదా, మా నాన్నని అలా చెయ్యాలి. ఫంక్షన్లో తెర తీసి చూపిస్తా" అన్నాడు. నాకూ హుషారొచ్చింది. ఫోటోషాప్‌లో నాలుగు రాత్రులు కూర్చున్నాను. 12 బై 18 ప్రింటు, నల్ల ఫ్రేము. తెర తీయగానే వాళ్ళమ్మగారు "మనిషి ఎదురుగా ఉండగానే ఇదేం పనిరా" అని లేచి లోపలికి వెళ్ళిపోయారట. మర్నాడు ఆ అబ్బాయి ఫ్రేము తెచ్చి నా టేబుల్ మీద బోర్లా పెట్టాడు. డబ్బులు వెనక్కి అడగలేదు, ఇవ్వబోయినా తీసుకోలేదు.

నేను అడిగేది ఒకటే. విగ్రహం అంటే పోయినవాళ్ళకేనా? కొలిమి వేడిలో బతుకంతా గడిపిన మనిషిని లోహంలో చూపించడం గౌరవమనుకునే నేను చేశాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. తప్పయితే ఎక్కడ తప్పో చెప్పండి.

పాతకెమెరా, వన్ టౌన్

బాబూ, నీ పనితనం మీద నాకు అనుమానం లేదు. కానీ తప్పే. నేను ఫిల్మ్ రోజులనుంచి ఈ పనిలో ఉన్నవాణ్ణి. నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసే కాలం. ఎవరైనా పెద్దవాళ్ళ ఫోటో ఒక్కటే కత్తిరించి పెద్దది చెయ్యమంటే "ఎవరికోసం?" అని ముందు అడిగేవాళ్ళం. జవాబుని బట్టి వెనక రంగు మారేది, ఫ్రేము మారేది. పోయినవాళ్ళకి వేసినట్టు ఉన్నవాళ్ళకి వెయ్యం.

పసుపుకుంకుమలతో ఉన్న ఇల్లాలి ముందు, నలుగురి ఎదుట, భర్త విగ్రహం మీద తెర తీస్తే ఆవిడ గుండె ఎలా తట్టుకుంటుంది? అబ్బాయికి తెలియదు, చిన్నవాడు. నువ్వు అడగాల్సింది, "అమ్మగారికి చెప్పావా?" అని. ఆ ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఈ గొడవే లేదు.

శాసనప్రియ, సీతమ్మధార

మాస్టారూ, ఆచారం అన్నారు కాబట్టి ఒక్క మాట. తిరుమల గుడిలో కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలున్నాయి. లోహపు విగ్రహాలు. 1517లో, ఆయన రాజ్యం చేస్తుండగానే పెట్టినవి. రాయలు పోయింది 1529లో. అంటే పన్నెండేళ్ళు తన విగ్రహం ఉన్న లోకంలోనే ఆయన తిరిగాడు. ఎవరూ అశుభం అనలేదు. ఇది పాత ఆచారమని మనం అనుకుంటున్నాం గానీ, చౌరస్తా విగ్రహాలు చూసి చూసి ఏర్పడిన అలవాటని నా అభిప్రాయం. చౌరస్తాలో పెట్టేది ఎక్కువగా పోయినవాళ్ళనే, అందుకని మన కళ్ళు అలా స్థిరపడ్డాయి.

పాతకెమెరా, వన్ టౌన్

ఆ విగ్రహాలు నేనూ చూశానమ్మా. చేతులు జోడించుకుని నిలబడి ఉంటారు. స్వామి ముందు దాసుడిగా తనని తాను నిలబెట్టుకున్నాడు రాయలు. ఇక్కడ చేసింది దిమ్మె మీద బొమ్మ. ఒకటి దండం పెట్టేది, ఇంకొకటి దండ వేయించుకునేది. ఆ రెండూ ఒకటెలా అవుతాయి?

ఒక్కక్లిక్, మధురవాడ

నాకు వేరే సందేహం. నాలుగు రాత్రులు ఎందుకన్నా? ఇప్పుడు ఏఐకి ఫోటో ఇచ్చి "కంచు విగ్రహం చెయ్యి" అంటే నిమిషంలో నాలుగు రకాలు ఇస్తుంది. నేను మా ఫ్రెండ్స్ అందరికీ చేసిచ్చాను. ఎవరూ ఏడవలేదు. సరదాగా తీసుకుంటే సరదా, మనం బరువు చేస్తే బరువు.

కంచుపోత, ఎంవీపీ కాలనీ

ఆంధ్రా యూనివర్సిటీలో శిల్పం చదువుకున్నాను. మట్టి, మైనం, పోత, అన్నీ చేతులతో చేసినదాన్ని. తప్పా ఒప్పా తేల్చేముందు నాకు ఆ బొమ్మ ఎలా ఉందో తెలియాలి. లేయర్‌మాస్క్ గారూ, ఏమేం చేశారో వరసగా చెప్పండి. ముఖ్యంగా కళ్ళు ఏం చేశారు?

లేయర్‌మాస్క్, మద్దిలపాలెం

చెబుతాను మేడమ్. ముందు ఫోటో మీద ఇంకో పొరగా (లేయర్) దాని కాపీ తీసి రంగు పూర్తిగా తీసేశాను. సర్ఫేస్ బ్లర్ వేస్తే చర్మం మీది సన్నటి రంధ్రాలు పోతాయి, ముడతల అంచులు మాత్రం నిలబడతాయి. ముడతలు పోతే పోలిక పోతుంది, అందుకని అక్కడ జాగ్రత్తపడ్డాను.

తర్వాత కర్వ్స్, అంటే ఒక గీతని వంచి ఫోటోలో వెలుగునీడలు మార్చే పనిముట్టు. లోహం పుట్టేది అక్కడే. గీతని పైకి, కిందికి, మళ్ళీ పైకి అలలా వంచితే వెలుగు పక్కనే నలుపు వస్తుంది. ఇంట్లో బుడితి ఇత్తడి చెంబు ఉంటే చింతపండుతో తోమి కిటికీ దగ్గర పెట్టి చూడండి. కిటికీ తెల్లటి నిలువు చారలా కనబడుతుంది, దాన్ని ఆనుకునే ఒక నల్ల చార ఉంటుంది. మధ్యలో నెమ్మదిగా మారడం అంటూ ఉండదు. చర్మం అలా కాదు. వెలుగు చర్మంలోకి కాస్త ఇంకి, మెత్తబడి బయటికి వస్తుంది. ఆ మెత్తదనం తీసేస్తేగానీ లోహం రాదు.

ఆపైన గ్రేడియంట్ మ్యాప్, అంటే వెలుగునీడల్ని బట్టి ఒక్కోచోట ఒక్కో రంగు వెయ్యడం. నీడలకి నలుపు కలిసిన గోధుమ, మధ్యలో రాగి ఎరుపు, వెలుగుకి లేత పసుపు. మెరుపుని తెల్లగా వదిలేస్తే ప్లాస్టిక్ బొమ్మ అవుతుంది, కంచు మెరుపుకి కంచు రంగే ఉండాలి. జుట్టు, మీసం స్మడ్జ్ టూల్‌తో పాయలుగా కలిపాను.

అన్నిటికన్నా కష్టపెట్టింది కళ్ళజోడు. విగ్రహాలకి ఫ్రేమే ఉంటుంది, అద్దాలుండవు. నాన్నగారిది మైనస్ పవర్, ఎక్కువే. అద్దం లోపల చెంప అంచు లోపలికి జరిగి కనబడుతోంది. అద్దం తీసేశాక ఆ ముక్క బయటి చెంపతో కలవదు. దాన్ని కలిపేలా మళ్ళీ గీయడానికే ఒక రాత్రి పట్టింది. ఒక్కక్లిక్ గారు అడిగినదానికి ఇదే నా జవాబు. ఏఐతో నేనూ ముందు చేసి చూశాను. విగ్రహం అదిరింది, మనిషి మాత్రం వాళ్ళ నాన్న కాదు. పెదవి పలచబడింది, ముక్కు సూటిగా వచ్చింది. అది ఫోటోని మార్చదు, ఆ పోలికలో కొత్త ముఖం గీస్తుంది.

ముడతల్లో, కాలర్ మడతల్లో ఆకుపచ్చ చిలుము కూడా వేశాను, బీచ్ రోడ్డు విగ్రహంలా ఉంటుందని. కళ్ళంటారా... నల్లగుడ్డు, తెల్లగుడ్డు తేడా లేకుండా నున్నగా చేసేశాను. వెనక నలుపు, కింద దిమ్మె.

కంచుపోత, ఎంవీపీ కాలనీ

ఇప్పుడు అర్థమైంది. మీరు ఆయనకి చూపు తీసేశారు.

లోహంలో పోసేవాళ్ళు కన్ను నున్నగా వదిలెయ్యాలన్న నియమం ఏమీ లేదు. నల్లగుడ్డు ఉండేచోట గుంట తవ్వి, అందులో చిన్న మొలకలాంటిది వదులుతారు. గుంటలో నీడ నిలిచి నల్లగుడ్డు అవుతుంది, మొలక మీద వెలుగు పడి కంటి మెరుపు అవుతుంది. ఒక్క చుక్క రంగు లేకుండా విగ్రహం మనల్ని చూస్తుంది. గుళ్ళో ప్రతిష్ఠ చేసేటప్పుడు నేత్రోన్మీలనం అని ఎందుకు పెట్టారంటారు? కళ్ళు తెరిపించేదాకా అది లోహమే, ఆ తర్వాతే దేవుడు. మీరు దీన్ని తిరగేసి చేశారు. చూస్తున్న కళ్ళని మూసేశారు.

రెండోది చిలుము. కంచులోని రాగికి సముద్రపు ఉప్పుగాలి తగిలి ఆ పచ్చదనం వస్తుంది, ముడతల్లో నిండాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ పచ్చదనం వెయ్యడమంటే, ఈ బొమ్మ ఎండలో వానలో చాలా ఏళ్ళుగా నిలబడి ఉందని చెప్పడమే. అంటే ఆ మనిషి పోయి చాలా ఏళ్ళయిందనే కదా? అమ్మగారికి కర్వ్స్ తెలియకపోవచ్చు గానీ ఆవిడ చూసింది అదే. ఆవిడ భయం మూఢనమ్మకం కాదు, బొమ్మని సరిగ్గా చదవడం.

కాబట్టి నా మాట: బతికున్నవాళ్ళని విగ్రహం చెయ్యొచ్చు. అప్పుడే పోసి తోమిన లోహంలా చెయ్యండి. కన్ను దగ్గర పాత లేయర్‌లోంచి మెరుపు చుక్క ఒక్కటి మాస్క్‌తో వెనక్కి తెచ్చుకోండి. నల్లగుడ్డు అంచుని, నలుపు పెంచే బర్న్ టూల్‌తో లోతు చెయ్యండి. దిమ్మె తీసెయ్యండి. అయినా ఉక్కు మనిషికి కంచు ఎందుకండీ? ఉక్కే చెయ్యండి. ఉక్కుకి తన రంగంటూ పెద్దగా ఉండదు, చుట్టూ ఏముంటే అదే మెరుస్తుంది. ఆయన నీలం యూనిఫాం రంగు చెంప మీద పడేలా చెయ్యొచ్చు.

పాతకెమెరా, వన్ టౌన్

అమ్మా, చిలుము మాట బాగా చెప్పావు, ఆ కోణం నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. కళ్ళు తెరిచినా మూసినా ఇంట్లోవాళ్ళని అడగలేదు. అడగకుండా చేసినదాన్ని టెక్నిక్‌తో సరిచెయ్యలేం.

సింహాచలం_సంపెంగ

ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. మీరందరూ పోయినవాళ్ళకైతే విగ్రహం ఫర్వాలేదన్నట్టు మాట్లాడుతున్నారు. నాకు అదీ ఒప్పు కాదు.

మా నాన్న పోయి రెండేళ్ళు. సంవత్సరీకానికి మా అన్నయ్య ఇలాంటిదే చేయించాడు, బంగారు రంగులో. చాలా బాగుంది, వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. మా అమ్మ రోజూ పొద్దున్నే తడిబట్టతో ఫోటో తుడుస్తుంది. ఆ కొత్తది వారం రోజులు తుడిచి, తీసి బీరువా వెనక పెట్టింది. ఎందుకమ్మా అంటే "గడ్డం గీసుకున్నప్పుడు తెగిన గాటు లేదే ఇందులో" అంది. పాత ఫోటోలో గవద దగ్గర చిన్న తెల్ల గీత ఉంటుంది. ఎడిటింగ్‌లో ఎక్కడో పోయింది. మళ్ళీ పాత స్టూడియో ఫోటోయే గోడెక్కింది, రంగు వెలిసిపోయినది.

రంధ్రాలు తీసేశాను, మెత్తదనం తీసేశాను అని లేయర్‌మాస్క్ గారు ఎంత శ్రద్ధగా రాశారో చూశాను. ఆ శ్రద్ధంటే నాకు గౌరవమే. కానీ అండీ, మాకు మిగిలింది ఆ మెత్తదనమే. ఊరికి పెద్దవాళ్ళని లోహం చెయ్యండి, వాళ్ళు ఊరందరివాళ్ళు. ఇంట్లో మనిషిని చర్మంతోనే ఉండనివ్వండి.

శాసనప్రియ, సీతమ్మధార

మీరు రాసింది చదివాక నాకు రాయల గురించి వాదించాలని లేదు. ఒక్కటి మాత్రం అంటాను. ఆ అబ్బాయి కోరుకున్నది అదే కదా, మా నాన్న కూడా ఊరందరిలో ఒక పెద్దమనిషి అని. విగ్రహాలు కవులకీ నాయకులకీనే ఎందుకు, ఫర్నేస్ దగ్గర నిలబడినవాళ్ళకి ఎందుకుండకూడదు? ఆ కోరిక తప్పని నేను అనలేను.

లేయర్‌మాస్క్, మద్దిలపాలెం

అందరికీ థ్యాంక్స్. మాస్టారు చెప్పింది చేశాను. నిన్న సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని గాజువాక వెళ్ళాను. అబ్బాయికి ముందే ఫోన్ చేసి, అమ్మగారు సరేనంటేనే వస్తానన్నాను.

కొత్తది ఉక్కులో చేశాను. చిలుము లేదు, దిమ్మె లేదు, వెనక మామూలు బూడిద రంగు. కన్ను కంచుపోత గారు చెప్పినట్టే చేశాను. సంపెంగ గారి మాట చదివాక ఒరిజినల్ ఫోటోని రెండొందల శాతం పెద్దది చేసి ముఖమంతా వెతికితే ఎడమ కనుబొమ్మలో వెంట్రుకలు లేని చిన్న జాగా దొరికింది. ముందు స్మడ్జ్‌లో దాన్ని నేనే పూడ్చేశాను. ఈసారి వదిలాను.

నాన్నగారు చాలాసేపు చూశారు గానీ ఏమీ అనలేదు. అమ్మగారు తలుపు దగ్గరే నిలబడ్డారు. చిలుము సంగతి, కళ్ళ సంగతి చెప్పి, తెలియక చేశానమ్మా అన్నాను. దగ్గరికి వచ్చారు. స్క్రీన్ మీద ఆ కనుబొమ్మ దగ్గర వేలు పెట్టి "ఇది పెళ్ళికి ముందుది, నిప్పురవ్వ పడింది" అన్నారు. తర్వాత "కళ్ళజోడు తీసెయ్ బాబూ, ఇంట్లో ఈయన పెట్టుకోరు" అన్నారు.

ప్రింటు వెయ్యమనలేదు, వద్దనీ అనలేదు. కళ్ళజోడు లేకుండా చేసి ఆదివారం మళ్ళీ తీసుకెళ్తున్నాను. కళ్ళజోడు మచ్చలు ముక్కు మీద రెండు వైపులా ఉన్నాయి, అవి ఉంచాలా తీసెయ్యాలా? సంపెంగ గారూ, మీరు చెప్పండి.

సింహాచలం_సంపెంగ

ఉంచండి.