చెలియలికట్ట ఎక్కడుంది?

"చెలియలికట్ట అంటే సముద్రపు ఒడ్డేనా? ఒడ్డు, తీరం అనే మాటలుండగా మళ్ళీ అదెందుకు?" అని నిన్న ఒకరు అడిగారు. ఒడ్డుకే ఇంకో పేరని చాలామంది తేల్చేశారు. నిఘంటువులూ దాదాపు అంతే చెబుతాయి. నాకు మాత్రం ఆ జవాబు చాలలేదండీ. ఆ మాటకు ఒక కచ్చితమైన చోటు ఉంది. బాపట్ల దగ్గరి సూర్యలంక వైపు మా కుక్క రాజుగాడిని తిప్పే దారిలో రోజూ ఆ చోటు దాటుతుంటాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

దారి సరుగుడు తోటలోంచి వెళ్తుంది. సర్వి అనేవాళ్ళు, చౌకు అనేవాళ్ళు కూడా ఉన్నారు, చెట్టు ఒకటే. రాలిన పుల్లాకు మెత్తగా పరుచుకుని కుక్క నడిచినా చప్పుడు కాదు. కానీ మధ్యలో ఎండిన కాయలుంటాయి. అవి గోళ్ళ సందున ఇరుక్కుంటే రాజుగాడు మూడు కాళ్ళ మీద నిలబడి నావైపు చూస్తాడు. తోట దాటితే ఇసుక దిబ్బ. దాని మీద రావణాసురుడి మీసాలు అనే గడ్డి, ముళ్ళబంతుల్లా గాలికి దొర్లిపోయే గింజల గుత్తులతో. దిబ్బ దిగుతుంటే మేకగిట్టలాంటి ఆకులు, ఊదా పూలు ఉన్న తీగ నేలంతా పాకి ఉంటుంది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆ తీగ సముద్రం వైపు పాకి పాకి ఒకచోట ఆగిపోతుంది. అక్కడికి కాస్త కిందగా ఎండిన నాచు, తెగిన వల దారాలు, గుల్లలు, పుల్లాపుడకా ఒక వంకర వరుసగా పడి ఉంటాయి. రాజుగాడి ముక్కు ఆ వరుసను వదలదు. వాడికి దొరికేదాంట్లో బాగా ఇష్టమైనది సముద్రపు నురుగు. మందుల కొట్లో ఆ పేరుతో అమ్మే తెల్లటి బిళ్ళ నురుగు కాదు, కటిల్ ఫిష్ ఒంట్లోని పెంకు. పళ్ళతో కొరికితే సుద్దలా పొడి అవుతుంది. మొన్నటి పెద్ద పోటు ఎంతవరకు వచ్చిందో ఆ వరుసే చెబుతుంది. దాని కింద తడి ఇసుక, ఎర్ర పీతలు, అలలు. ఒడ్డు అంటే ఇదంతా వస్తుంది. చెలియలికట్ట అంటే మాత్రం ఆ వరుసకూ తీగ కొసలకూ మధ్య ఉన్న గట్టు.

"సముద్రం చెలియలికట్ట దాటదు" అనే మాట తీసుకోండి. చెలియలికట్ట అంటే అలలు తగిలే చోటైతే ఆ మాటకు అర్థమే లేదు. సముద్రం అక్కడ రోజుకు రెండుసార్లు పోటుకు ఎక్కి, రెండుసార్లు పాటుకు దిగుతూనే ఉంటుంది. రోజు రోజుకూ ఆ వేళ ముప్పావుగంటకు పైగా వెనక్కి జరుగుతుంది, అమావాస్య పౌర్ణములకు నీరు ఇంకాస్త ఎక్కువ ఎక్కుతుంది. ఇవన్నీ పోగా మిగిలిన హద్దు ఏదో ఆ పేరు దానికే చెల్లుతుంది. సంస్కృతంలో "వేల" అన్నదీ దీన్నే. చెలియలు అంటే చెల్లెలు కదా, చెల్లెలి గీతను అన్న దాటడని చెప్పుకునేవారూ ఉన్నారు. వినడానికి బాగుంటుంది గానీ, వ్యుత్పత్తిగా నేను దాని మీద ఆధారపడను.

ఇక తీరం. ఇది నదికీ చెల్లుతుంది, సముద్రానికీ చెల్లుతుంది, నడిచేవాడి వైపు నుంచి చూసే మాట. మహాభారతంలోని మహాప్రస్థానంలో ద్రౌపదితో కలిసి బయల్దేరిన పాండవుల వెంట ఏడోదిగా కుక్క ఉంది, "శ్వా చైవ సప్తమః". అర్జునుడు గాండీవాన్ని నీళ్ళలో విడిచాక వాళ్ళు నడిచింది "ఉత్తరేణైవ తీరేణ లవణాంభసః", ఉప్పు సముద్రపు ఉత్తర తీరం వెంట. కుక్కతో సముద్రం పక్కన నడిచినవాళ్ళు మన ఇతిహాసంలోనే ఉన్నారని ఇది చూసినప్పుడల్లా నాకు సంతోషం. అక్కడ వేల అనకుండా తీరం అనడం సరిగ్గా కుదిరింది. వాళ్ళు హద్దు చూడటం లేదు, దారి నడుస్తున్నారు.

వార్తల్లోనూ ఈ తేడా నిలిచే ఉంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది అన్నాం. చెలియలికట్ట దాటింది అనలేదు, అనకూడదు కూడా. తీరం దాటేది తుపాను, చెలియలికట్ట దాటేది సముద్రం. అలా దాటితే దాని పేరు ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమలో జరిగింది అదే. నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున ఊళ్ళ మీద పడింది, 10 వేల మందికి పైగా పోయారు. ఆ తర్వాతే ఈ తీరమంతా సరుగుడు పెంపకం గట్టిగా సాగింది. ఈ రెండు మాటలూ కలిపేస్తే ఆ తేడా పోతుంది, అందుకే ఇంత పట్టుదల.

(కింద ఒకరు "ఈ గీత వల్ల ఇవాళ ఎవరికి పని?" అన్నారు, వారికి.) తాబేళ్ళకు పని అండీ. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట వచ్చి, పోటు నీరు అందని చోటు చూసుకుని గుంట తవ్వి వందకు అటూ ఇటూగా గుడ్లు పెడతాయి. పిల్లలు రావడానికి 50 రోజుల పైచిలుకు పడుతుంది. ఆ చోటు చెలియలికట్టకు పైనే. కుక్క ముక్కుకు ఆ గుంట ఇట్టే దొరుకుతుంది, తవ్విందంటే గుడ్లు మిగలవు. అందుకని ఆ నెలల్లో దిబ్బ మొదలైన దగ్గర్నుంచే రాజుగాడికి గొలుసు వేస్తాను, తడి ఇసుక చేరాకే వదులుతాను. కుక్కలతో అటు వచ్చేవారెవరైనా అలాగే చేయండి.

భీమిలి, కళింగపట్నం వైపు వారికి ఒక ప్రశ్న: పోటు వదిలిన ఆ పుల్లాపుడకా వరుసను మీ దగ్గర చేపల వేటకు వెళ్ళేవాళ్ళు ఏమంటారు?