పాత క్వాలిస్‌కు టర్బో: పెట్టించాలా, వద్దా?

భద్రాద్రి_క్వాలిస్

అందరికీ నమస్కారం. బండి 2003 క్వాలిస్, 2.4 డీజిల్. 2,60,000 కిలోమీటర్లు తిరిగింది, ఇంజన్ ఇంతవరకు విప్పలేదు. ఊళ్లో తిరగడానికి ఏ ఇబ్బందీ లేదు. ఎనిమిది మందిని ఎక్కించుకుని ఏసీ వేసి ఘాట్ ఎక్కితే మాత్రం రెండో గేరు వదలదు. హైవే మీద లారీని దాటాలన్నా ముందు చాలా దూరం ఖాళీ చూసుకోవాలి. పాత టర్బో (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపేది) ఒకటి తెచ్చి బిగిస్తానని మెకానిక్ అంటున్నాడు. డీజిల్ పంపు ముట్టుకోనక్కర్లేదట, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చేది) అక్కర్లేదట, రెండు రోజుల పనట. బండి అమ్మే ఉద్దేశం లేదు. ఈ ఇంజన్ టర్బోను తట్టుకుంటుందా? ఎంత బూస్ట్ (టర్బో గాలిని నొక్కే ప్రెషర్) దాకా పోవచ్చు? కాగితాల దగ్గర చిక్కు ఏమైనా ఉంటుందా?

పంపుషాపు

ముందు మీ ఇంజన్ సంగతి. అది టొయోటా 2ఎల్. 2446 సీసీ, బోరు 92, స్ట్రోక్ 92 మిల్లీమీటర్లు, రోటరీ పంపు, 75 హార్స్‌పవర్. డీజిల్ ముందుగా హెడ్‌లో ఉండే చిన్న ఛాంబర్‌లో మండి, అక్కడి నుంచి పిస్టన్ మీదికి వస్తుంది. ఈ పద్ధతిలో హెడ్‌కు తగిలే వేడి మొదటి నుంచే ఎక్కువ. కంప్రెషన్ నిష్పత్తి, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో ఆ లెక్క, కూడా 22కు 1 దగ్గర ఉంటుంది. టర్బో కోసమే తయారైన ఇంజన్లలో ఇది తక్కువగా ఉంటుంది.

ఇదే కుటుంబంలో టొయోటా సొంతంగా టర్బో పెట్టి 2ఎల్-టి అని విదేశాల్లో అమ్మింది. కంప్రెషన్ తగ్గించి మరీ చేసిన ఆ ఇంజన్‌కే హెడ్ పగులుతుందన్న పేరు వచ్చింది. వాల్వుల మధ్య, ఛాంబర్ అంచు దగ్గర సన్నని గీతలా మొదలవుతుంది. మీ హెడ్‌కు అంత తయారీ కూడా లేదు. తట్టుకుంటుందా అంటే, వేడిని అదుపులో పెడితే తట్టుకుంటుంది. దాని మీద ఒక కన్ను ఎప్పుడూ ఉండాలి.

పంపు ముట్టుకోనక్కర్లేదన్న మాట గురించి. టర్బో ఇచ్చేది గాలి. బలం డీజిల్ నుంచి రావాలి. పంపు అలాగే ఉంచితే నల్ల పొగ తగ్గుతుంది, ఇంజన్ కాస్త చల్లగా కూడా నడుస్తుంది, కానీ లాగుడులో తేడా కొంచెమే. నిజానికి ఇంజన్‌కు అది మంచిదే. అసలు ప్రమాదం ఆ తర్వాత వస్తుంది. డబ్బు పెట్టినా లాగడం లేదని మీరంటారు, మెకానిక్ పంపు వెనక ఫుల్‌లోడ్ స్క్రూ (డీజిల్ ఎంత పోవాలో నిర్ణయించేది) ఒక అర చుట్టు లోపలికి తిప్పుతాడు. బండి ఎగిరి దూకినట్టు పోతుంది. పొగ, వేడి రెండూ పెరుగుతాయి. వేడి చూసే మీటరు లేకపోతే తెలిసేది పిస్టన్ కరిగాకే.

ఆ స్క్రూ తిప్పాల్సి వస్తే ఒక్కోసారి చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే. లాక్‌నట్ వదిలించే ముందే సెంటర్‌పంచ్‌తో గుర్తు పెట్టండి. లోపలికి తిప్పితే ఐడిలింగ్ కూడా పెరుగుతుంది, దాన్ని వేరుగా సరిచేయాలి. ఇంకో చిక్కు: టర్బో లేని ఇంజన్ పంపుకు బూస్ట్ డయాఫ్రం (బూస్ట్ వచ్చాకే డీజిల్ పెంచే పొర) ఉండదు. డీజిల్ పెంచితే అన్ని ఆర్‌పీఎంలలో పెరుగుతుంది, 1,500 కింద బూస్ట్ ఇంకా రాకముందే పొగ కక్కుతుంది. డయాఫ్రం ఉన్న పై మూత బిగించి టెస్ట్ బెంచ్ మీద కాలిబ్రేషన్ చేయించడమే సరైన దారి. బండి మీద చెవితో విని చేసే పని కాదది.

పంపు టైమింగ్ అడ్వాన్స్ చేసి (డీజిల్ ముందుగా పడేలా తిప్పి) పికప్ వచ్చిందని చెప్పే అలవాటు మన దగ్గర చాలా షాపుల్లో ఉంది. టర్బో పెట్టిన ఇంజన్ మీద దయచేసి చేయనివ్వకండి. సిలిండర్‌లో ప్రెషర్ పిస్టన్ పైకి రాకముందే పెరిగిపోయి హెడ్ గ్యాస్కెట్ లేచిపోతుంది.

లేత్_పని

అన్నా, పంపుషాపు గారు చెప్పినవన్నీ నిజమే. అయినా ఇది చేయలేని పని కాదు, రెండు రోజుల్లో అయ్యే పని కాదంతే.

బూస్ట్ లెక్క చూడండి. 0.5 బార్ అంటే 7 పీఎస్‌ఐ. 35 డిగ్రీల గాలిని అంతకు నొక్కితే, చిన్న టర్బో నుంచి బయటికొచ్చేసరికి 90 డిగ్రీలు దాటుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది కాబట్టి సిలిండర్‌లోకి నిజంగా పోయే అదనపు గాలి 50 శాతం కాదు, 25 శాతం పైచిలుకు. ఇంటర్‌కూలర్ పెట్టి 55 డిగ్రీలకు దించితే అది 40 శాతం అవుతుంది. అంటే ఇంటర్‌కూలర్ లేకుండా బూస్ట్ పెంచుకుంటూ పోతే ఎక్కువగా పెరిగేది వేడి. మీ ఇంజన్‌కు నా సలహా 0.4, మహా అయితే 0.5 బార్, చిన్నదైనా సరే ఇంటర్‌కూలర్‌తో. అంతకు మించి వద్దు.

టర్బో సైజు: 4,000 ఆర్‌పీఎంలో మీ ఇంజన్ మామూలుగా పీల్చేది నిమిషానికి దాదాపు 4,200 లీటర్ల గాలి. 2 నుంచి 2.5 లీటర్ల డీజిల్ బండ్ల మీద వచ్చే టీడీ04 సైజు టర్బో సరిపోతుంది. లారీ టర్బో చవకగా దొరికిందని తెస్తే 2,500 దాకా బూస్టే రాదు. ఘాట్‌లో మీకు కావాల్సింది 1,600 నుంచి 2,500 మధ్యనే.

విజయవాడ ఆటోనగర్‌లోనో ఇంకెక్కడో పాతది కొంటే కొట్టు దగ్గరే షాఫ్ట్ పట్టుకుని చూడండి. పక్కలకు కొద్దిగా ఆడితే పర్వాలేదు, ఆయిల్ లేనప్పుడు బుష్ టర్బోలు ఆడతాయి. ముందుకు వెనక్కి లాగితే మాత్రం చేతికి ఏమీ తెలియకూడదు. టర్బో లోపలి చక్రం రెక్కల కొసలు వేలి గోటితో తడిమి చూడండి. గరుకుగానో వంగిగానో ఉంటే, గోడకు రాసుకున్న గీత కనిపిస్తే, వదిలేయండి.

బిగించడంలో ఎక్కువమంది దెబ్బతినేది ఆయిల్ తిరిగొచ్చే పైపు దగ్గర. లోపలికి పోయే పైపు 6 మిల్లీమీటర్లది చాలు, ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర టీ వేసి తీసుకోవచ్చు. వెనక్కొచ్చే పైపు మాత్రం లోపలి కొలత 16 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. టర్బో కింది నుంచి ఆయిల్ ఛాంబర్‌కు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఏటవాలుగా, మధ్యలో ఎక్కడా పల్లం లేకుండా దిగాలి, ఛాంబర్‌లో ఆయిల్ మట్టానికి పైన కలవాలి. ఆయిల్ అక్కడికి నురగలా వస్తుంది, దాన్ని తోసేది ఏదీ లేదు, దాని బరువుకు అదే జారాలి. మధ్యలో కొంచెం వంగి నిలిచినా టర్బో లోపల నిండి, సీల్ దాటి సైలెన్సర్‌లోకి పోతుంది. నీలం పొగ వస్తుంది. అప్పుడు టర్బో పోయిందని ఇంకో టర్బో కొంటారు, అదీ అలాగే పొగ పెడుతుంది. ఆయిల్ ఛాంబర్‌కు వెల్డింగ్ చేయించేటప్పుడు దాన్ని కిందికి దించే చేయించాలి. బండి మీదే రంధ్రం కొడితే ఇనుప రజను లోపల పడుతుంది.

ట్యాపెట్ కవర్ నుంచి వచ్చే బ్రీదర్ పైపును (ఇంజన్ లోపలి ఆవిరి బయటికొచ్చేది) టర్బో ముందువైపు, ఎయిర్ ఫిల్టర్‌కూ టర్బోకూ మధ్య కలపాలి. పాత చోటే మానిఫోల్డ్‌కు వదిలేస్తే బూస్ట్ వెనక్కి ఇంజన్ లోపలికి పోయి డిప్‌స్టిక్‌ను పైకి తన్నుతుంది.

ఇక వేడి మీటరు. కె రకం థర్మోకపుల్‌ను (వేడి కొలిచే తీగ) ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో టర్బోకు ముందు, నాలుగు సిలిండర్ల పొగా కలిసే చోట బిగించాలి. కొస పైపు మధ్యలో ఉండాలి. టర్బో తర్వాత పెడితే బరువు మీద 100 డిగ్రీలకు పైగా తక్కువ చూపిస్తుంది, నమ్మితే మోసపోతారు. ఈ హెడ్‌తో 650 డిగ్రీల దగ్గర పెడల్ వదలడం మొదలుపెట్టాలి, 700 దాటి నిలబడకూడదు. ఘాట్‌లో పైగేరులో తక్కువ ఆర్‌పీఎంతో పెడల్ పూర్తిగా తొక్కి లాగించడమే అన్నిటికన్నా చెడ్డది. డీజిల్ నిండా పోతుంది, గాలి ఉండదు. గేరు దించితే మీటరు మీరు చూస్తుండగానే 50, 60 డిగ్రీలు పడిపోతుంది.

దాని వెంట క్లచ్ ప్లేట్, కొత్త రేడియేటర్ కోర్, టర్బో నుంచి వెనక దాకా పెద్ద సైలెన్సర్ పైపు కూడా లెక్కలో వేసుకోండి. మీ ఇంజన్ టార్క్ 151 న్యూటన్ మీటర్లు. అది 190 దగ్గరికి పోయిందంటే అరిగిన క్లచ్ నాలుగో గేరులోనే జారుతుంది.

కాగితాలు_ముందు

మీ మూడో ప్రశ్నకు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ చూడండి. ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగానే చదివింది. టర్బోతో సీసీ మారదు, ఇంధనం మారదు, కాబట్టి ఏమీ కాదని మెకానిక్‌లు అంటారు. హార్స్‌పవర్ మారుతుంది కదా. దానికంటే ముందు ఇన్సూరెన్స్ గురించి ఆలోచించండి. పెద్ద యాక్సిడెంట్ అయితే సర్వేయర్ బానెట్ ఎత్తి చూస్తాడు, చెప్పకుండా చేసిన మార్పు కనిపిస్తే క్లెయిమ్ ఆపడానికి అదొక కారణం దొరికినట్టే. ఆర్టీఏ ఆఫీసులోనూ ఇన్సూరెన్స్ కంపెనీలోనూ ముందే రాతపూర్వకంగా అడగండి. మౌఖికంగా ఎవరైనా ఫర్వాలేదంటే దానికి విలువ లేదు.

2003 బండి అంటే 15 ఏళ్లు 2018లో నిండాయి, ఇప్పుడు ఐదేళ్లకోసారి రెన్యువల్. ప్రతిసారీ తనిఖీ ఉంటుంది. పొగ పరీక్షలో మీ బండికి హద్దు 65 హెచ్‌ఎస్‌యూ (పొగ ఎంత దట్టమో చెప్పే కొలత). డయాఫ్రం లేకుండా డీజిల్ పెంచిన బండి అక్కడే దొరుకుతుంది, ఎందుకంటే ఆ పరీక్ష బూస్ట్ లేని స్థితి నుంచి ఒక్కసారిగా పెడల్ తొక్కించి చేస్తారు.

పంపుషాపు

అందరం టర్బో దగ్గరే ఉన్నాం. 75 హార్స్‌పవర్ కొత్త బండిది. 2,60,000 తిరిగిన బండిలో ఇప్పుడు అంత లేదు. పోయినది వెనక్కి తెచ్చుకున్నాక కూడా చాలదనిపిస్తే అప్పుడు టర్బో మాట.

నాజిల్స్ విప్పి టెస్టర్ మీద స్ప్రే చూపించుకోండి, చినుకులా కారితే మార్చాలి. టైమింగ్ బెల్టుకు లక్ష కిలోమీటర్లే గడువు. రెండోసారి మార్చి ఎంత కాలమైందో చూసుకోండి, తెగితే వాల్వులు పిస్టన్‌కు తగులుతాయి. బెల్టు ఒక పన్ను తప్పి బిగించినా లాగుడు పడిపోతుంది. బ్రేకు పట్టి ఉందేమో చక్రం ఎత్తి తిప్పి చూడండి. టైర్లు కంపెనీ సైజు కంటే 5 శాతం పెద్దవి వేసి ఉంటే లాగుడు 5 శాతం అక్కడే పోయినట్టు. థర్మోస్టాట్ తీసేశారేమో చూడండి. బైపాస్‌ను కూడా మూసే రకం థర్మోస్టాట్ ఉన్నచోట దాన్ని తీసేస్తే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిలో తిరిగి, ఘాట్‌లో ఇంకా త్వరగా హీట్ ఎక్కుతుంది.

ఘాట్‌లో ఇంకో సంగతి. అరకు దగ్గర 900 మీటర్ల ఎత్తులో గాలి దాదాపు 8, 9 శాతం పలచన. టర్బో లేని ఇంజన్‌కు ఆ మేరకు బలం తగ్గడం రోగం కాదు.

వీటన్నిటికంటే ముందు కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత ప్రెషర్‌కు నొక్కబడుతోందో) చూపించండి. ఇంజన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. నాలుగు గ్లో ప్లగ్గులూ (స్టార్టింగ్‌కు ఇంజన్ లోపల వేడి చేసేవి) తీసేసి, పంపు మీద డీజిల్ ఆపే సోలనాయిడ్ వైరు పీకి, ఒక్కో సిలిండర్‌కు గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టాలి. కొత్త ఇంజన్‌కు చదరపు సెంటీమీటరుకు 32 కిలోలు రావాలి. 20కి తగ్గితే ఇంజన్ విప్పాల్సిందే. సిలిండర్ల మధ్య తేడా 5 దాటకూడదు. టర్బో పెట్టాలంటే నేనైతే నాలుగూ 26కు పైన, తేడా 3 లోపు ఉంటేనే సరే అంటాను.

భద్రాద్రి_క్వాలిస్

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే చూపించాను. 27, 26.5, 27, 21. నాలుగోది తక్కువ. ఆయిల్ మూత తీస్తే కొద్దిగా పొగ వస్తోంది. నీళ్లు తగ్గడం లేదు. టర్బో పెడితే ఈ తేడా కప్పేసుకుపోతుందని మెకానిక్ అంటున్నాడు.

పంపుషాపు

కప్పేసుకుపోదండి. తేడా 6 ఉంది. బూస్ట్ పెడితే ఆ నాలుగో సిలిండర్‌లో రింగుల పక్క నుంచి కిందికి దిగే గ్యాస్ ఇంకా పెరుగుతుంది, ఆయిల్ నల్లబడుతుంది, అదే ఆయిల్ టర్బో బుష్‌లకు పోతుంది. ఈ స్థితిలో టర్బో వద్దు, ఇందులో రెండో ఆలోచన లేదు.

నాలుగో సిలిండర్‌లో గ్లో ప్లగ్గు రంధ్రం నుంచి 5 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్ వేసి మళ్లీ గేజ్ పెట్టించండి. అంతకంటే ఎక్కువ పోయొద్దు, ఈ ఇంజన్‌లో పిస్టన్ పైన ఉండే ఖాళీ చాలా తక్కువ. రీడింగ్ 25, 26కు లేచిందంటే రింగులు లేదా బోరు. లేవకపోతే వాల్వు సరిగా కూర్చోవడం లేదు, లేదా హెడ్ గ్యాస్కెట్. ముందు వాల్వు క్లియరెన్స్ చూపించండి. సందు పూర్తిగా పోయి వాల్వు కొంచెం తెరుచుకునే ఉండొచ్చు, అదే అయితే షిమ్ (ఆ సందును సరిచేసే బిళ్ల) మార్చడంతో పని అయిపోతుంది. హెడ్ దించాల్సి వస్తే మాత్రం దించినప్పుడే వాల్వుల మధ్య పగులు ఉందేమో డై (పగులును బయటపెట్టే రంగు) వేసి చూపించుకోండి. ఆయిల్ వేశాక వచ్చిన అంకె ఇక్కడ పెట్టండి.

లేత్_పని

నాదీ అదే మాట అన్నా. టర్బోకు అడ్వాన్స్ ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి. ఆ డబ్బు హెడ్ పనికి అక్కరకొస్తుంది.