అప్‌డేట్: మారుతి జిమ్నీకి 2 అంగుళాల లిఫ్ట్ వేయించాక స్టీరింగ్ తేలిపోవడం, కారణం దొరికింది

నెల కిందట అడిగాను. బండిని ఎత్తు చేసే లిఫ్ట్ స్ప్రింగులు వేయించాక ఆనందపురం వైపు హైవే మీద 80 దాటితే బండి అటూ ఇటూ పోతోందని, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావట్లేదని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"క్యాస్టర్ చూపించండి" అన్నవాళ్లదే కరెక్ట్. క్యాస్టర్ అంటే పక్కనుంచి చూస్తే, ముందు చక్రం ఏ గీత చుట్టూ మలుపు తిరుగుతుందో ఆ గీత వెనక్కి వాలి ఉండే కోణం. స్టీరింగ్ తనంతట తాను తిన్నగా వచ్చేది, బండి నిలకడగా పోయేది దాని వల్లే. గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన అలైన్‌మెంట్ పెట్టి చూపించారు. జిమ్నీకి ముందు కూడా రెండు చక్రాలనీ కలిపే ఒకే యాక్సిల్. బాడీ పైకి లేస్తే, యాక్సిల్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే ఆర్మ్‌లు (పొడవాటి కడ్డీలు) వాలి, యాక్సిల్ పైభాగం ముందుకు తిరుగుతుంది. క్యాస్టర్ తగ్గేది అందుకే. ఆర్మ్‌ల కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల బదులు, ఆ కోణాన్ని సరిచేసే కరెక్షన్ బుష్‌లు వేశారు, సరిపోయింది.

ఇంకో తప్పు కూడా బయటపడింది. మొదట లిఫ్ట్ వేసినచోట చక్రాలు గాల్లో ఉండగానే ఆర్మ్‌ల బోల్టులు పూర్తిగా బిగించేశారు. అలా చేస్తే రబ్బరు బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. ఈ ముక్క ముందే తెలిసుంటే ఎంత బాగుండేదో!

రెండుసార్లు చేయించిన టైర్ల బ్యాలెన్సింగ్, కొన్న స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ అదురుని తగ్గించే భాగం) మాత్రం దండగే. హెడ్‌లైట్లు కిందికి దించుకోవడం మర్చిపోకండి, ఎదుటివాళ్లు తిడతారు.

మొన్న అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్లొచ్చాం, టెన్షన్ లేదు. అమ్మకి మాత్రం ఎక్కడానికి పీట కావాల్సి వస్తోంది.