లార్డ్ ఆఫ్ ది ఐల్స్ ఆవిరి ఇంజన్‌ను తుక్కు చేయడం తప్పా, కాదా?

పాత_బాయిలర్: ఇంగ్లండ్‌లోని గ్రేట్ వెస్టర్న్ రైల్వేకి డేనియల్ గూచ్ డిజైన్ చేసిన ఐరన్ డ్యూక్ తరగతి ఇంజన్లు 1847 నుంచి ఎక్స్‌ప్రెస్‌లు లాగాయి. వాటిలో లార్డ్ ఆఫ్ ది ఐల్స్‌ను 1851 లండన్ మహా ప్రదర్శనలో పెట్టారు. 1884లో పక్కనబెట్టి కంపెనీ వాళ్ల స్విండన్ వర్క్‌షాపులో దాచారు. 1906లో కంపెనీ ఇంజన్ల పెద్ద ఇంజినీరు చర్చ్‌వార్డ్ ముక్కలు చేయించాడు. చోటు లేదట! ఇంతకన్నా దారుణం ఉందా?

గుంతకల్లోడు: వర్క్‌షాపు పని చేసుకోవడానికండీ, బొమ్మలకొలువుకి కాదు. అది 7 అడుగుల పావు అంగుళం గేజు (పట్టాల మధ్య దూరం) బండి. 1892 మేలోనే ఆ గేజుకి చెల్లు. ఇక అది ఏ పట్టాల మీద నడవాలి?

పాత_బాయిలర్: నడపమని ఎవరన్నారు? గ్రేట్ నార్తర్న్ అనే ఇంకో రైల్వే వాళ్లు 1870 నాటి తమ స్టిర్లింగ్ నంబర్ 1 ఇంజన్‌ని ఉంచుకోలేదా?

చాయ్_బ్రేక్: 1985లో ఐరన్ డ్యూక్ రెప్లికా కట్టారుగా, అది చూసుకోండి 😀

పాత_బాయిలర్: షంటింగ్ ఇంజన్ల భాగాలతో కట్టినదాన్నా? ఐల్స్‌వి ఆ 8 అడుగుల పెద్ద చక్రాలు మాత్రం మిగిలాయి. స్విండన్‌లో చూశాను. ఇరుసు నా ఛాతీ ఎత్తున ఉంది, పై అంచు చెయ్యెత్తినా అందలేదు.

గుంతకల్లోడు: అసలు అసలు అంటారు. 1871 తర్వాత పాత పేర్లు పెట్టి రోవర్ తరగతి అని కొత్త ఇంజన్లు కట్టింది ఆ కంపెనీయే కదా? వాళ్లకే లేని పట్టింపు మీకెందుకు?

పాత_బాయిలర్: రోవర్ల గోల వేరు. ఇది 1851లో కట్టిందే. ఇంజినీరు సంతకం పెడితే మీకు వేదవాక్కు!

గుంతకల్లోడు: మాటలు జాగ్రత్త. మా నాన్న పోయాక అద్దె ఇంటి నిండా ఆయన పనిముట్లు, ఒక లేత్ మిషను. అద్దె కట్టేది నేను. తూకానికి అమ్మేశాను. పండక్కి వచ్చిపోయే అన్నయ్యలు ఇప్పటికీ మాట్లాడరు. ఉంచుకోమనడం తేలిక, చోటిచ్చేవాడికి తెలుస్తుంది.

పాత_బాయిలర్: అమ్మేముందు వాళ్లని అడిగారా?

గుంతకల్లోడు: అడిగితే ఉంచమంటారు, తీసుకెళ్లరు. స్విండన్ వాళ్లు 22 ఏళ్లు ఉంచారు. ఇంకెన్నాళ్లు?

పాత_బాయిలర్: నా బాధ అదేనండీ. ఉంచినంత మాత్రాన అది వాళ్ల సొంత సామాను అయిపోదు. 1851లో జనం క్యూ కట్టి చూసిన ఇంజన్ అది.

గుంతకల్లోడు: జనం చూస్తారు, అద్దె కట్టరు.

చాయ్_బ్రేక్: ఒక్కమాట. ఆ కంపెనీదే ఇంకో పాత ఇంజన్ నార్త్ స్టార్‌ని కూడా 1906లోనే తుక్కు చేశారుగా? 1925లో అదే కంపెనీ, అదే స్విండన్‌లో, మిగిలిన పాత భాగాలు ఏరుకుని మళ్లీ దాని నమూనా కట్టించుకుంది.

పాత_బాయిలర్: మరి అప్పుడు చోటెక్కడిదో గుంతకల్లు గారే చెప్పాలి.